పాత పెద్ద కారా, కొత్త చిన్న కారా?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంట్లో నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. ఇదే మా మొదటి కారు. చేతిలో 3 లక్షల 20 వేలు ఉన్నాయి, ఇంకో 4 లక్షలు లోను తీసుకోగలను. విజయవాడలో ఒక పాత కార్ల కన్సల్టెన్సీలో 2020 మోడల్ డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ చూశాం. ఏపీ నంబరు, 62 వేల కిలోమీటర్లు తిరిగింది, 7 లక్షలు చెబుతున్నారు. ఇంచుమించు అదే డబ్బుకు కొత్త పెట్రోలు చిన్న కారు వస్తుంది. 'కొత్త కారు షోరూమ్ గేటు దాటగానే లక్ష పోయినట్టే, అదే డబ్బు పెట్టి పెద్ద బండి తీసుకో బావా' అంటున్నాడు మా బావమరిది. నెలకు 700 కిలోమీటర్లు తిరుగుతాం, అదీ ఎక్కువగా ఊళ్లోనే. పదేళ్ల దాకా మార్చే ఉద్దేశం లేదు. ఏది తీసుకోమంటారు? కొత్తదైతే దసరాకు తీసుకోవాలా, డిసెంబరు ఆఫర్ల దాకా ఆగాలా?

జవాబు: కొత్తదే తీసుకోండి. ఈ మాట అడిగినవాళ్లందరికీ చెప్పేది కాదు. మీ ఉత్తరంలో నాలుగు సంగతులున్నాయి: పదేళ్లు వాడతాననడం, ఊళ్లోనే తిరుగుడు, లోను, విజయవాడ బండి. ఈ నాలుగూ కలిసి లెక్కను కొత్త కారు వైపు తిప్పేశాయి. ఇందులో ఏ రెండు మారినా జవాబు మారేది.

ముందు మీ బావమరిది మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో నిజం ఉంది. ఎక్స్‌షోరూమ్ ధర 6 లక్షలున్న కారు అనుకోండి. తెలంగాణలో 5 నుంచి 10 లక్షల మధ్య ధర ఉన్న కారుకు లైఫ్‌ట్యాక్స్ 14 శాతం, అంటే 84 వేలు. కొత్త కారుకు థర్డ్‌పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబరు నుంచి ఇదే నిబంధన. 1000 దాటి 1500 సీసీ లోపు ఇంజనుకు అది 10,640 రూపాయలు. దానికి ఏడాది ఓన్ డ్యామేజ్ (సొంత బండి నష్టం) కవరు, జీరో డెప్ (క్లెయిములో విడిభాగాల అరుగుదల కింద కోత పెట్టని యాడ్-ఆన్), జీఎస్టీ కలిపితే బీమా మొత్తం 30 నుంచి 35 వేలవుతుంది. నంబరు ప్లేట్లు, రిజిస్ట్రేషన్ ఫీజు, ఫాస్టాగ్ ఇంకో రెండు మూడు వేలు. ఆన్‌రోడ్ 7 లక్షల 20 వేల దగ్గర తేలుతుంది. పైన పడ్డ ఆ 1 లక్షా 20 వేలు రేపు మీ బండి కొనేవాడు విడిగా లెక్కగట్టి మీ చేతిలో పెట్టడు. గేటు దాటగానే పోయే లక్ష ఇదే.

అయితే ఆ లక్షా ఇరవై ఎన్నేళ్ల మీద పరచుకుంటారన్నది అసలు ప్రశ్న. రెండేళ్లకు అమ్మేసేవాడికి అది ఏడాదికి 60 వేలు. పదేళ్లు ఉంచుకునే మీకు ఏడాదికి 12 వేలు. బీమా కంపెనీలు ఐడీవీ (బీమా కోసం లెక్కగట్టే కారు విలువ) కట్టే పట్టిక చూసినా ఇదే కనబడుతుంది: కారు విలువలో ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాది నిండేలోపు 15, రెండో ఏట 20, మూడో ఏట 30, నాలుగో ఏట 40, ఐదో ఏట 50 శాతం తగ్గిస్తారు. సగం విలువ మొదటి ఐదేళ్లలోనే పోతుంది. ఆ తర్వాతి ఐదేళ్లు బండి దాదాపు ఊరికే తిరిగినట్టు. మొదటి ఐదేళ్ల నష్టం భరించి తర్వాతి ఐదేళ్ల లాభం తినకుండా అమ్మేవాళ్లకే ఆ గేటు సామెత వర్తిస్తుంది.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల జీఎస్టీ 18 శాతానికి దిగింది. 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజను ఉన్నవాటికి అంతకుముందు సెస్సుతో కలిపి 29 శాతం ఉండేది. 1500 సీసీ లోపు డీజిల్‌కైతే 31. అంటే మీరు చూసిన తరహా డీజిల్ బండి కొత్తది కూడా పన్ను వల్లే పది శాతం దాకా చవకైంది. కన్సల్టెన్సీవాళ్లు 'ఓనరు పదకొండు లక్షలు పోసి కొన్నాడండీ' అంటూ పాత బిల్లు చూపిస్తే, అది పాత పన్నుతో కట్టిన ధర. ఇవాళ్టి కొత్త బండి ధర పక్కన పెట్టి చూస్తేనే ఆరేళ్ల బండికి 7 లక్షలు ఎక్కువో తక్కువో తెలుస్తుంది.

ఇప్పుడు ఆ 7 లక్షలు నిజానికి ఎంతవుతుందో చూడండి. ఏపీ నంబరు బండిని మీరు ఖమ్మంలో ఏడాది దాటి ఉంచుకోవాలంటే తెలంగాణ నంబరు తీసుకోవాలి. అందుకు అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి. అది రావాలంటే ఫైనాన్స్ ఉంటే తీరిపోయి ఫారం 35తో హైపోథికేషన్ (అప్పిచ్చినవాళ్లకు బండి మీదున్న తాకట్టు) రద్దవ్వాలి, చలాన్లన్నీ కట్టి ఉండాలి. తర్వాత ఇక్కడ లైఫ్‌ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కారు వయసును బట్టి కొంత తగ్గిస్తారు గానీ కట్టాల్సింది పదుల వేలల్లోనే ఉంటుంది. రవాణా శాఖ కార్యాలయంలో సీబుక్ నకలు చూపించి ముందే లెక్క కట్టించుకోవచ్చు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం పాత ఓనరు వాపసు అడగవచ్చన్న నిబంధన ఉన్నా, ఆ డబ్బు మీ చేతికొస్తుందని లెక్కలో వేసుకోకండి. 'ఏపీ నంబరుతోనే తిరగండి సార్, ఎవరూ అడగరు' అని చెప్పేవాళ్లూ ఉంటారు. అలా తిరిగే బండికి ఖమ్మంలో ప్రమాదం జరిగితే, సీబుక్‌లో ఒక పేరు, పాలసీలో ఇంకో పేరు, స్టీరింగు వెనక మీరు. క్లెయిము అక్కడే ఆగిపోతుంది. సొంత నష్టం కవరు మీ పేరు మీదికి మారాలంటే కొన్న 14 రోజుల్లోపు బీమా కంపెనీకి తెలపాలి. పాత ఓనరు సంపాదించుకున్న నో క్లెయిమ్ బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు. ఆరేళ్లు క్లెయిము లేకుండా ఆయనకు 50 శాతం తగ్గింపు ఉన్నా మీకు సున్నా నుంచి మొదలు.

62 వేలు తిరిగిన బండికి మొదటి నెలలోనే పెట్టాల్సిన ఖర్చు వేరే. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2320 అని ఉంటే 2020లో 23వ వారంలో తయారైందని. బండితో వచ్చిన టైర్లే ఇంకా ఉంటే అవి మార్పుకొచ్చినట్టే, 16 అంగుళాల టైర్లు నాలుగూ కలిపి 30 వేల దగ్గర. టైర్లు ఒకసారి ఇప్పటికే మార్చి ఉంటే 62 వేలన్న మీటరును కొంచెం అనుమానంగా చూడాలి. డీజిల్ బ్యాటరీ 6 నుంచి 8 వేలు. ఇంజనాయిలు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు, కూలెంటు, ముందు బ్రేకు ప్యాడ్లు కలిపి ఇంకో 12 వేలు. క్లచ్ చివరికొచ్చి ఉంటే పాతిక వేల పైమాట. ఏమీ పాడవకుండానే 50, 60 వేలు తేలికగా పోతాయి. పన్నుతో కలిపితే ఏడు లక్షల బండి ఎనిమిది దాటుతుంది. మీ చేతిలో ఉన్నది 7 లక్షల 20 వేలు.

విజయవాడ బండి అనగానే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అదే రోజు మీ ఊళ్లో మున్నేరు ఏం చేసిందో మీకు చెప్పక్కర్లేదు. నీళ్లలో మునిగిన కారు మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా లెక్కగట్టి డబ్బిచ్చేస్తుంది. ఆ బండి తుక్కుకే పోవాలని లేదు. వేలంలో కొని, సీట్లు ఉతికి, కార్పెట్ మార్చి, పాలిష్ కొట్టి మళ్లీ అమ్మకానికి పెడతారు. మునిగిన కారులో ఇంజను బాగుచేయవచ్చు, వైరింగు బాగుపడదు. డ్యాష్‌బోర్డు కింద, సీట్ల కింద పోయే తీగల జాయింట్లలో బురదనీటి తేమ మిగిలి, పిన్నులు పచ్చగా తుప్పు పట్టడానికి ఏడాది, రెండేళ్లు పడుతుంది. అప్పుడు ఒకరోజు పవర్ స్టీరింగు లైటు, ఇంకో రోజు ఎయిర్‌బ్యాగు లైటు, మర్నాడు సెంట్రల్ లాకు. మెకానిక్కులు సెన్సరు మార్చి చూస్తారు, లైటు పోతుంది, నెలకు మళ్లీ వస్తుంది. వానలో మునిగిన బండి వేసవిలో కొంటే ఏ తేడా తెలియదు.

ఇప్పటికే ఆ బండి చూసొచ్చారు కాబట్టి, మళ్లీ వెళ్తే ఇవి చూడండి. సీటు బెల్టును చివరిదాకా లాగండి, అడుగు భాగంలో మట్టి గీత ఉందా? ముందు సీట్ల పట్టాలు, వాటి బోల్టులు తుప్పు పట్టాయా? స్టెప్నీ తీసి ఆ గుంటలో సన్నటి ఒండ్రు ఉందేమో వేలితో రాయండి. హెడ్‌లైటు లోపల అడ్డంగా నీటి చార కనబడుతుందా? ఫ్యూజ్ పెట్టె మూత తీసి పిన్నులు చూడండి. అన్నిటికన్నా నమ్మదగిన సాక్ష్యం కాగితం: 2024, 2025 బీమా పాలసీల నకళ్లు అడిగి నో క్లెయిమ్ బోనస్ గడి చూడండి. 2024 వేసవిలో 45 శాతం ఉన్న బోనస్ 2025లో సున్నా అయిందంటే మధ్యలో క్లెయిము జరిగింది. ఎందుకో అడగండి. కంపెనీ సర్వీసు సెంటరులో నంబరు చెబితే సర్వీసుకు వచ్చిన తేదీలు, అప్పటి కిలోమీటర్లు చూపిస్తారు. 2023లోనే 80 వేలుండి ఇప్పుడు 62 వేలుంటే ఇక మాట్లాడేదేమీ లేదు. పాలసీ నకళ్లు ఇవ్వడానికి అమ్మేవాళ్లు నీళ్లు నమిలితే బేరం మానుకోండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఆ బండి మీకు పనికిరాదు. కారణం డీజిల్.

2020 మోడల్ అంటే రెండు రకాలు. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కొత్త పొగ కాలుష్య ప్రమాణం తప్పనిసరి అయింది. అంతకుముందు అమ్మినవి చాలావరకు బీఎస్-4. సీబుక్‌లో ఏది రాసి ఉందో చూడండి. బీఎస్-6 డీజిల్ అయితే పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. ఇంజను నుంచి వచ్చే మసి అందులో చేరుతుంది. అది నిండేకొద్దీ కాల్చేయాలి. కాలాలంటే పొగ వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరాలి, అందుకు బండి హైవే మీద నిలకడగా 15, 20 నిమిషాలు పోవాలి. బడికి, బజారుకు, ఆస్పత్రికి రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆపేసే బండిలో ఆ వేడి ఎప్పుడూ రాదు. ఇంజను కంప్యూటరు మసిని కాల్చాలని అదనంగా డీజిల్ చిమ్ముతుంది, మధ్యలో మీరు కీ తిప్పేస్తారు. మండని డీజిల్ సిలిండరు గోడల మీదుగా జారి ఇంజనాయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ మీద ఆయిలు తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. పల్చబడిన ఆయిలు టర్బోకు, బేరింగులకు శత్రువు. డీపీఎఫ్ పూర్తిగా మూసుకుపోతే పికప్ పోయి బండి ఈడుస్తుంది. సర్వీసు సెంటరులో మిషను పెట్టి కాల్పిస్తే కొన్ని వేలతో పోతుంది, మార్చాల్సి వస్తే లక్ష దాకా అవుతుంది. 'జల్లెడ పీకేస్తే పీడా పోతుంది' అని సలహా ఇచ్చే షెడ్లున్నాయి. అది చట్టవిరుద్ధం, ఇంజను సాఫ్ట్‌వేరునూ మోసం చేయాల్సి వస్తుంది. అమ్మేవాళ్లు ఇప్పటికే పీకేసి ఉండవచ్చు కూడా.

ఇంతా చేసి డీజిల్‌తో మీకు మిగిలేదెంత? నెలకు 700 అంటే ఏడాదికి 8,400 కిలోమీటర్లు. లెక్క కోసం పెట్రోలు లీటరు 107, డీజిల్ 96 అనుకుందాం. ఊళ్లో చిన్న పెట్రోలు కారు లీటరుకు 17 ఇస్తే ఏడాదికి 52,900. డీజిల్ ఎస్‌యూవీ 18 ఇస్తే 44,800. తేడా 8 వేలు. డీజిల్ సర్వీసుకు ఏటా అదనంగా అయ్యే ఖర్చు అందులో సగం తినేస్తుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు హైదరాబాద్ రోడ్డు మీద తిరిగేవాళ్లకు డీజిల్ లెక్క వేరు.

పాత పెట్రోలు బండి తీసుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. అప్పుడు చూడాల్సింది 2023 ఏప్రిల్. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. దానికి తట్టుకునేలా రబ్బరు పైపులు, సీళ్లు పెట్టి కార్లు తయారు చేయడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఇథనాల్ లేని పెట్రోలు కోసం రూపొందించి 10 శాతానికి సర్దుబాటు చేసిన కార్లలో 6 నుంచి 7 శాతం మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే చెప్పారు. పాత బండి మర్నాడే పాడవుతుందని కాదు. కానీ పదేళ్లు నడపాలనుకునేవాళ్లు ఇంధనానికి సరిపడని పైపులతో మొదలుపెట్టడం దేనికి? 2023 తర్వాతి పెట్రోలు బండి వెతికితే, దాని ధరకూ కొత్తదాని ధరకూ తేడా లక్ష, లక్షన్నర మించదు. ఆ తేడాలో దాదాపు సగం లోను మింగేస్తుంది.

అదెలాగంటే: కొత్త కారుకు 4 లక్షలు 9 శాతానికి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 8,303, మొత్తం వడ్డీ 98 వేలు. పాత కారుకు బ్యాంకులైనా ఫైనాన్స్ కంపెనీలైనా ఎక్కువే వేస్తాయి. అదే 4 లక్షలు 14 శాతానికైతే నెలకు 9,307. వడ్డీ 1 లక్షా 58 వేలు. వడ్డీలోనే 60 వేలు తేడా. పైగా లోను ఇచ్చేది వాళ్లు కట్టిన విలువ మీద, మీరు ఒప్పుకున్న ధర మీద కాదు. 7 లక్షల బండికి వాళ్లు 6 లక్షలు కట్టి అందులో 75 శాతం ఇస్తామంటే మిగతాది మీ జేబులోంచే. కన్సల్టెన్సీలో 'తొమ్మిదే వడ్డీ సార్' అంటే ఫ్లాటా (చివరిదాకా మొత్తం అప్పు మీద వడ్డీ), రెడ్యూసింగా (ఇంకా మిగిలిన అప్పు మీదే వడ్డీ) అని అడగండి. ఫ్లాట్ 9 శాతం అంటే అయిదేళ్లకు అసలు లెక్క దాదాపు 16 శాతం. ఎవరు రేటు చెప్పినా మీరు నెల కిస్తీని వాయిదాల సంఖ్యతో గుణించి చూసుకోండి, మాయ అంతా అక్కడే తేలిపోతుంది.

పదేళ్లు అన్నారు. 2020 బండి సీబుక్ 15 ఏళ్లకు, అంటే 2035లో తీరిపోతుంది. మీరు అనుకున్న పదేళ్లు నిండకముందే ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ మీ నెత్తిన పడతాయి. అప్పటికి ఆ మోడల్ విడిభాగాలు దొరకడం ఒక సమస్య, బండిని కొనేవాళ్లు ఉండకపోవడం ఇంకో సమస్య. కొత్త కారును పదేళ్లకు అమ్మితే ఇంకా అయిదేళ్ల సీబుక్ మిగిలి ఉంటుంది. దానికే ధర పలుకుతుంది.

బీమాలోనూ పాత బండికి చిల్లు పడుతుంది. అయిదేళ్లు దాటిన కారుకు జీరో డెప్ చాలా కంపెనీలు ఇవ్వవు. అది లేకపోతే క్లెయిములో ప్లాస్టిక్, రబ్బరు, టైరు, బ్యాటరీలకు 50 శాతం, అయిదు నుంచి పదేళ్ల బండి ఇనుప భాగాలకు 40 శాతం కోత. బంపరు, హెడ్‌లైటు, బానెట్ పోయి 40 వేల బిల్లు వస్తే దాదాపు సగం మీరే కట్టుకోవాలి.

అమ్మగారు, పిల్లలు కూర్చునే బండి కాబట్టి ఒక మాట. 2020లో డ్రైవరు ఎయిర్‌బ్యాగు, ఏబీఎస్ తప్పనిసరి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగు పాత మోడళ్లకు తప్పనిసరి అయింది 2021 చివర్లో. అప్పటి అడుగు వేరియంటులో ఒక్క ఎయిర్‌బ్యాగే ఉండవచ్చు. ఇప్పుడు ఆరు లక్షల కార్లలో చాలావాటికి ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పకుండా పట్టే ఈఎస్‌సీ కింది వేరియంటు నుంచే వస్తున్నాయి. అయితే ఎయిర్‌బ్యాగుల సంఖ్య చూసి మురిసిపోకండి. బాడీ గట్టిదనం వేరు. కార్లను ఢీకొట్టించి భద్రతకు నక్షత్రాలిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పథకం 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది, మీరనుకుంటున్న మోడల్‌కు పెద్దల భద్రతకు, పిల్లల భద్రతకు విడివిడిగా ఎన్ని నక్షత్రాలొచ్చాయో చూడండి. పెద్ద బండి బరువు, ఎత్తు ఇచ్చే ధీమా నిజమే, దాన్ని వదులుకుంటున్నారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కిందికి వంగి కూర్చునే హ్యాచ్‌బ్యాక్ కష్టం. అందుకని పైకప్పు ఎత్తుగా ఉండే మోడల్, లేదా అదే ధరలో వచ్చే బుల్లి ఎస్‌యూవీ చూడండి. టెస్ట్ డ్రైవుకు అమ్మగారిని తీసుకెళ్లి నాలుగుసార్లు ఎక్కించి దించండి. షోరూమ్‌వాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు.

రెండు మూడేళ్లు వాడి వదిలేసేవాళ్లకు, మూడు లక్షల్లోపు బడ్జెట్ ఉన్నవాళ్లకు, తెలిసినవాళ్ల ఇంటి బండి పూర్తి సర్వీసు రికార్డుతో దొరికినవాళ్లకు పాత కారే మేలు. డ్రైవింగు నేర్చుకోవడానికి పాతది కొంటామనేవాళ్లుంటారు. దానికి స్కూల్లో పదిహేను రోజులు చేరడం చవక.

కొత్తదానిలోనూ మోసాలున్నాయి, వాటి తీరు వేరంతే. కొటేషన్‌లో 'హ్యాండ్లింగ్', 'లాజిస్టిక్స్', 'ఎసెన్షియల్ కిట్' అన్న పేర్లు కనబడితే కొట్టేయమనండి. బీమా షోరూమ్‌లోనే తీసుకోవాలన్న నియమం లేదు. అదే ఐడీవీ, అవే యాడ్-ఆన్‌లతో బయట కొటేషన్ తీసుకుని చూపించండి, ఐదారు వేలు అక్కడికక్కడే తగ్గుతుంది. డబ్బు మొత్తం కట్టకముందు, రిజిస్ట్రేషన్‌కు పంపకముందు ఛాసిస్ నంబరు రాయించుకుని ఆ బండినే పగటి వెలుతురులో చూడండి. మీ పేరు మీద నంబరు పడ్డాక వద్దనడం కుదరదు. మీటరు 50, 100 కిలోమీటర్లు దాటి ఉంటే ఎందుకో అడగండి. నాలుగు టైర్ల తేదీలూ స్టెప్నీ తేదీ, బ్యాటరీ తేదీ బండి తయారీ నెలకు దగ్గరగా ఉండాలి. తలుపుల సందులు సమానంగా ఉన్నాయా, బంపరు రంగు బాడీ రంగుతో కలిసిందా, ఏసీ, అద్దాలు, వెనక కెమెరా, జాకీ, పానా, రెండు తాళాలు చూసుకోండి. తయారీ నెల, సంవత్సరం ఫారం 21లో ఉంటాయి, నోటిమాట నమ్మకండి.

వారంటీ చాలా కంపెనీలు ఇప్పుడు మూడేళ్లు, లక్ష కిలోమీటర్లు ఇస్తున్నాయి. మారుతి కూడా 2024 జులై నుంచి రెండేళ్ల నుంచి దానికి వచ్చింది. మీ తిరుగుడుకు మూడేళ్లలో పాతిక వేలే అవుతుంది, కాబట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకుంటే ఐదేళ్ల దాకా నిశ్చింత. తీగలు కోసి బయటి హారన్లు, లైట్లు పెట్టిస్తే ఎలక్ట్రికల్ వారంటీ పోతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజనును ఒకే వేగంలో గంటలకొద్దీ నడపకండి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కకండి. జీరో డెప్‌తో పాటు ఇంజను ప్రొటెక్ట్ కూడా రాయించుకోండి. మున్నేరు పక్కన ఉన్నారు. నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండరులోకి చేరిన నీరు నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది; ఆ నష్టం మామూలు పాలసీ ఇవ్వదు. అలాంటప్పుడు తాళం తిప్పకుండా టోయింగుకు ఫోను చేయండి.

దసరానా, డిసెంబరా అన్నారు. దసరాకు ఆఫర్లుంటాయి గానీ గిరాకీ కూడా ఉంటుంది. నచ్చిన రంగు, వేరియంటు కోసం ఆగమంటారు, బేరానికి చోటు తక్కువ. డిసెంబరులో ఆ ఏడాది స్టాకు వదిలించుకోవాలని తగ్గింపులు పెరుగుతాయి. మామూలుగా అయితే జనవరికి ఆ బండి ఒక ఏడాది పాతదిగా లెక్కకొస్తుంది, రెండేళ్లకు అమ్మేవాళ్లకు అది నష్టం. పదేళ్లకు అమ్మే మీకు ఒక ఏడాది తేడా పది పదిహేను వేలు కూడా చేయదు. డిసెంబరు తగ్గింపు 25 వేలు దాటితే అప్పుడే తీసుకోండి. కాకపోతే ఎండలో ఆరేడు నెలలు యార్డులో నిలబడ్డ బండి అంటగడతారేమో చూసుకోండి: తయారీ నెల సెప్టెంబరుకు ముందుంటే ఇంకోటి చూపించమనండి, లేదా టైర్ల గాలి, బ్యాటరీ చార్జింగు వాళ్లచేత పరీక్ష చేయించి, కొత్త బ్యాటరీ వేయించుకున్నాకే సంతకం పెట్టండి.